తమ్మునికి కొన్న ఫ్లాస్కు

రెండేళ్ల కింద, సంక్రాంతి సెలవులకు వారం ముందు, ఒక రాత్రి ఒంటిగంటకు మా తమ్ముడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాడు సెక్యూరిటీ గార్డు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. ఆ వేళ ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏం లేదు దాదా. చలి పెడుతున్నది. నిద్ర రాకుంట ఉండాలని చేసిన" అన్నాడు. మా గోండిలో అన్నను దాదా అంటాం.

మాట ముద్దగా ఉంది. బడిలో ఇన్నేళ్లు పిల్లల ముఖం చూసి అబద్ధం పట్టినవాణ్ణి, తమ్ముని గొంతు పట్టలేనా? "తాగినవా?" అని అడిగాను. కాసేపు పలకలేదు. తర్వాత "ఒక్క గుక్కనే దాదా. లారీ డ్రైవర్ ఇచ్చిండు. చలికి" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా గూడెంలో ఇప్పసారా లేదని నేను చెప్పను. కానీ అక్కడ దానికి ఒక వేళ ఉంది, ఒక చోటు ఉంది. మొదటి చుక్క దేవునికి, పెద్దలకు పోసిన తర్వాతే మనుషులకు. అర్ధరాత్రి ఇనుప గేటు దగ్గర ఒక్కడే కూర్చొని చలికి తాగడం మా పద్ధతి కాదు. పైగా సూపర్‌వైజర్‌కు వాసన తగిలితే ఉద్యోగం పోతుంది. పోయినాక ఎవరూ "చలికి తాగిండు" అనరు. "ఆదివాసోడు గదా, తాగుతడు" అంటారు. ఆ మాట నేను స్టాఫ్ రూముల్లో కూడా విన్నాను. నాన్న పోయేముందు ఆయన వైద్యానికి చేసిన అప్పు తమ్ముని జీతం మీదే తీరుతున్నది. ఇవన్నీ కలిసి ఆ ఒక్క గుక్క నాకు చాలా పెద్దదిగా కనిపించింది.

తెల్లారి మళ్లీ ఫోన్ చేశాను. తిట్టాలనే చేశాను. కానీ ముందు ఒక ప్రశ్న అడిగాను: "రాత్రిపూట చాయ్ దొరకదా?"

టీవీఎస్ బండి మీద పెద్ద స్టీలు క్యాన్ కట్టుకొని ఒకాయన పదకొండు దాకా ఫ్యాక్టరీల ముందు తిరుగుతాడట. ఆ తర్వాత మళ్లీ నాలుగున్నరకు హోటల్ తెరిచేదాకా ఏమీ దొరకదు. ఒకసారి చాయ్ కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లాడు. అదే సమయానికి సూపర్‌వైజర్ తనిఖీకి వచ్చాడు. గేటు విడిచి పోయినందుకు ఒక రోజు జీతం కోశారు.

"మరి ఫ్లాస్కు కొనుక్కోవచ్చు కదా?"

"కొన్న దాదా. రెండు కొన్న. రెండూ పనికి రాలే."

సంక్రాంతి సెలవులు ఇవ్వగానే బస్సెక్కాను. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చే బస్సులు నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్ మీదుగా నగరంలోకి వస్తాయి. సుచిత్ర దగ్గర దిగితే జీడిమెట్ల పక్కనే. షాపూర్‌నగర్ వెనక ఒక గల్లీలో తమ్ముని గది. ఆ రాత్రి వాడితో పాటు నేనూ గేటు దగ్గరికి వెళ్లాను. ఏదైనా చెప్పేముందు వాడి రాత్రి ఎట్లుంటుందో చూడాలనుకున్నాను.

గేటు పక్కన రేకుల గది. ఒక కుర్చీ, ఒక రిజిస్టరు, ఒక బల్బు. గంటకోసారి ప్రహరీ చుట్టూ తిరిగి రావాలి. లారీ వస్తే బయటికి వచ్చి నంబరు రాసుకోవాలి. అంటే పన్నెండు గంటల్లో సగం సేపు ఆరుబయటే. మా ఏజెన్సీ చలి ముందు హైదరాబాద్ చలి ఎంత అనుకుంటూ వెళ్లాను. పుష్యమాసంలో మా దిక్కు 5, 6 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. కానీ మా దగ్గర నెగడు ఉంటుంది. చుట్టూ పదిమంది ఉంటారు. ఇక్కడ నెగడు వేయరాదు, లోపల రసాయనాలు ఉంటాయి. రేకు గది బయటికన్నా చల్లగా ఉంటుంది. రెండు గంటలకల్లా నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. లారీ డ్రైవర్ ఇచ్చిన ఆ గుక్క ఎందుకు లోపలికి పోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

అర్థమైందంటే ఒప్పుకున్నానని కాదు. మద్యం తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. లోపలి వెచ్చని రక్తం చర్మం దాకా వస్తుంది కాబట్టి వేడిగా అనిపిస్తుంది. నిజానికి ఒంట్లోని వేడి అప్పుడే త్వరగా బయటికి పోతుంది. ఇది తమ్మునికి ఆ రాత్రే చెప్పాను. వాడు విని "సరే దాదా. మరి మూడింటికి నేనేం తాగాలె?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నీతి చెప్పేవాడు దానికి జవాబు కూడా చెప్పాలి.

గదిలో వాడు కొన్న రెండు ఫ్లాస్కులు ఉన్నాయి. పొద్దున వాటిని పట్టుకొని చూశాను.

మొదటిది ప్లాస్టిక్ ఒంటితో, లోపల గాజు గొట్టంతో ఉండే పాత రకం. ఒకరోజు బల్ల మీద నుంచి జారిపడింది. బయట గీత కూడా పడలేదు. ఊపితే లోపల గలగలమన్నది. గాజు ఫ్లాస్కు చెడ్డదేమీ కాదు. వేడి బాగా నిలుపుతుంది, ధర తక్కువ. ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి, బాలింత దగ్గర వేడినీళ్లు ఉంచడానికి చాలు. కానీ బయట తిరిగేవానికి, సైకిల్‌కు తగిలించుకునేవానికి పనికిరాదు. పగిలిన సంగతి పైకి తెలియదు. తెలియక తాగితే గాజు పెంకులు గొంతులోకి పోతాయి. అందుకే గాజు ఫ్లాస్కు కిందపడితే ముందు చెవి దగ్గర పెట్టి ఊపి వినాలి, లోపలికి లైటు వేసి చూడాలి.

రెండోది తళతళలాడే స్టీలు సీసా. బస్టాపు దగ్గర రెండు వందల యాభైకి కొన్నాడు. "24 గంటల వేడి" అని పెద్ద అక్షరాలు. అందులో వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలాగి పట్టుకున్నాను. చేయి వెచ్చబడింది. అంటే లోపలి వేడి గోడ దాటి నా చేతిలోకి వస్తున్నది. అది రెండు పొరల స్టీలే గానీ పొరల మధ్య శూన్యం లేదు, గాలి ఉంది. పదకొండుకు పోసిన చాయ్ ఒంటిగంటకే చల్లారిందంటే అందుకే.

ఆ వేడి సీసాను చేతిలో పట్టుకున్నప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు.

నాన్న చేనుకు సొరబుర్రలో నీళ్లు, అంబలి తీసుకుపోయేవాడు. ప్రతి సొరకాయా బుర్ర కాదు. పాదు మీద ఉన్నప్పుడే ఒకటి రెండు కాయలను ఎంచుకొని "ఇది కోయొద్దు" అని అమ్మకు చెప్పేవాడు. తొడిమ పూర్తిగా ఎండేదాకా ఆగేవాడు. తెంపిన తర్వాత గోటితో కొట్టి వినేవాడు. టకటకమంటే గోడ గట్టిపడ్డట్టు, బొదబొదమంటే ఇంకా పచ్చిదన్నట్టు. మెడ సన్నగా, చేతికి పట్టు దొరికేటట్టు ఉండాలి. పైన రంధ్రం చేసి గింజలు రాల్చి, చిన్న రాళ్లు వేసి గిలకొట్టి, నీళ్లు పోసి రోజుల తరబడి మార్చేవాడు. చేదు పోయేదాకా వాసన చూసేవాడు, నాలుక మీద చుక్క వేసుకొని చూసేవాడు. తర్వాత పొయ్యి మీద వేలాడదీసి పొగకు ఆరబెట్టేవాడు. ఆ బుర్రలో నీళ్లు ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేవి. ఒక్క బుర్ర ఏళ్ల తరబడి వచ్చేది.

ఇంత చూసి బుర్రను ఎంచుకున్న తండ్రి కొడుకు, బస్టాపు దగ్గర అట్టపెట్టె మీది అక్షరాలు చూసి ఫ్లాస్కు కొన్నాడు. వాణ్ణి నేను తప్పు పట్టలేదు. నేనూ అట్లాగే కొంటాను. బజారుకు రాగానే మన కళ్లు, చెవులు, ముక్కు ఇంటి దగ్గరే వదిలేసి వస్తాం. చదువుకున్నవాళ్లు రాసింది నిజమే అయి ఉంటుందనుకుంటాం. గట్టిగా అడిగితే "అడవి నుంచి వచ్చిండు, ఏం తెలుసు" అంటారేమోనని భయం.

ఆ మధ్యాహ్నం ఇద్దరం చింతల్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లాం. బయలుదేరేముందు గదిలో కూర్చొని, మాకేం కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. ఎన్ని గంటలు వేడిగా ఉండాలి? 24 గంటలు అక్కర్లేదు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా, అంటే ఆరు గంటలు చాలు. ఎంత పట్టాలి? తమ్ముడు ఒక్కడికైతే అర లీటరు చాలు. కానీ వెనక గేటు దగ్గర ఇంకొక గార్డు ఉంటాడు, ఒడిశాలోని మాల్కన్‌గిరి జిల్లా నుంచి వచ్చిన కోయ యువకుడు. అతని కోయ భాష, మా గోండి దగ్గరి చుట్టాలే. ఇద్దరూ సగం సగం అర్థం చేసుకుంటూ మాట్లాడుకుంటారు. అతన్ని వదిలి తాగడం తమ్మునికి ఇష్టం లేదు. కాబట్టి ఒక లీటరు. ఎక్కువ పట్టే ఫ్లాస్కుకు ఇంకో లాభం ఉంది. నిండుగా పోస్తే చిన్నదానికన్నా ఎక్కువసేపు వేడిగా ఉంటుంది. సగమే పోస్తే త్వరగా చల్లారుతుంది. చివరగా తమ్ముడు ఒకటి రాయించాడు: "మూతి వెడల్పుండాలె. చెయ్యి లోపలికి పోవాలె. అమ్మ పంపే జొన్నపిండితో అంబలి గూడ పోసుకుంట."

దుకాణం సేట్ మా ఇద్దరినీ చూసి, అడగకముందే కింది అరలోని చవక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "మీకిది సరిపోతది" అన్నాడు. మా ఒంటి మీది బట్టలు చూసి అన్నాడో, మా మాట తీరు విని అన్నాడో తెలియదు. నాకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా, సరే అని అదే తీసుకొని బయటపడదామనిపించింది. ఆ సిగ్గు మన లోపల ఎంత లోతుగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. తమ్ముడు నా వైపు చూస్తున్నాడు. వాడు చూడకపోతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

"సేట్, మూడు రకాలు చూపించండి. వేడినీళ్లు పోసి చూసి తీసుకుంటాం" అన్నాను.

"గట్ల ఎవ్వరూ చూడరు సార్."

"మేం చూస్తాం. నచ్చింది పైసలిచ్చి కొంటాం. తడిసినవి తుడిచి ఇస్తాం."

పక్క హోటల్ ఆయన ఒక జగ్గు నిండా మరిగే నీళ్లిచ్చాడు. మూడింట్లో పోసి, మూతలు బిగించి, పది నిమిషాలు ఆగాం. తర్వాత తమ్ముణ్ణి చేత్తో తడిమి చూడమన్నాను. మొదటిది ఒళ్లంతా గోరువెచ్చగా ఉంది. పొరల మధ్య నురగ నింపిన రకం అది. రెండు మూడు గంటల ప్రయాణానికైతే పనికొస్తుంది. రెండోది పైనంతా చల్లగా ఉంది గానీ అడుగున ఒక పక్క వెచ్చగా తగిలింది. శూన్యం ఉండాల్సిన చోట ఎక్కడో గాలి చొరబడింది. పేరున్న రకమే, రంగు కూడా బాగుంది, అయినా ఆ ఒక్క సీసా చెడ్డది. మూడోది ఎక్కడ తడిమినా చల్లగానే ఉంది. మెడ దగ్గర మాత్రం కొంచెం వెచ్చన. అది సహజమే. లోపలి స్టీలు, బయటి స్టీలు కలిసేది అక్కడే. ఆ మూడోదాన్ని తలకిందులు చేసి గట్టిగా ఊపాం. చుక్క కారలేదు.

అప్పటికి సేట్ కూడా బల్ల దాటి వచ్చి రెండో ఫ్లాస్కు అడుగున చెయ్యి పెట్టి చూశాడు. "నిజమే సార్, వేడున్నది. ఇది వాపస్ పంపాలె" అన్నాడు. ఆ తర్వాత ఆయన మాట తీరు మారింది. విడిగా దొరికే రబ్బరు వాషర్ ఒకటి ఊరికే ఇచ్చాడు. ఫ్లాస్కుకు పదకొండు వందలు. చవక సీసాలు రెండు కొన్న డబ్బుకు ఇది రెట్టింపు. కానీ ఆ రెండూ కలిపి రెండు నెలలు కూడా రాలేదు.

ఆ సాయంత్రం తమ్మునికి ఫ్లాస్కు ఎట్లా పనిచేస్తుందో చెప్పాను. వేడి మూడు దారుల్లో పోతుంది. ఒక వస్తువును ఇంకొకటి తాకితే పోయేది వహనం. గాలో, నీళ్లో కదిలి మోసుకుపోయేది సంవహనం. నెగడు దగ్గర దూరంగా కూర్చున్నా ముఖానికి తగిలేది వికిరణం. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేస్తే తాకడానికి ఏమీ లేదు, మోసుకుపోవడానికీ ఏమీ లేదు. మొదటి రెండు దారులూ మూసుకుంటాయి. మూడో దారికి గోడను అద్దంలా మెరిసేటట్టు చేస్తారు. వేడి తిరిగి లోపలికే పోతుంది. ఇక మిగిలేవి మెడ, మూత. అందుకే ఫ్లాస్కును మూత చూసి కొనాలంటారు. మూత తీసిన ప్రతిసారీ కొంత వేడి పోతుంది.

దీన్ని 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త లండన్‌లో తయారు చేశాడు. చాయ్ కోసం కాదు. అతి చల్లని ద్రవవాయువులు ఆవిరైపోకుండా నిలుపుకోవడానికి. ఆయన పేటెంటు తీసుకోలేదు. తర్వాత జర్మనీలో గాజు పనివాళ్లు దాన్ని ఇళ్లకు పనికొచ్చేటట్టు చేసి, 1904లో థర్మాస్ పేరుతో కంపెనీ పెట్టారు. ఆ పేరే మన నోట థర్మాస్ ఫ్లాస్కు అయింది. వేడిని బయటికి పోనివ్వని గోడ, బయటి వేడిని లోపలికీ రానివ్వదు. మన గూడేలకు ఏఎన్ఎం అక్కలు భుజానికి తగిలించుకొని తెచ్చే టీకాల డబ్బాది కూడా ఇటువంటి పనే. మంచు ప్యాకులు పెట్టి లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు. దాంట్లో శూన్యం బదులు మందమైన నురగ గోడ ఉంటుంది.

మొదటి వారం తమ్ముడు పాల చాయ్ పోసుకున్నాడు. ఒకరోజు డ్యూటీకి పోయేముందు ఎనిమిదింటికి పోసి, పొద్దున ఆరింటికి మిగిలింది తాగాడు. ఆ రోజంతా కడుపునొప్పి, వాంతులు. ఫ్లాస్కు మంచిదైనా పాలు పాలే. ఫ్లాస్కులో వేడి నెమ్మదిగా దిగుతూ 60 డిగ్రీల కిందికి వచ్చిందంటే క్రిములు పెరగడానికి అనువైన వెచ్చదనం అవుతుంది. చల్లారిన పాల కన్నా గోరువెచ్చని పాలు త్వరగా చెడిపోతాయి. అంబలికీ ఇదే మాట. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ఎక్కువసేపు ఉంచాలంటే పాలు లేకుండా అల్లం, బెల్లం, నిమ్మగడ్డి వేసి మరిగించిన కషాయమో, డికాషనో పోసుకుంటాడు. పాల చాయ్, అంబలి అయితే నాలుగు గంటల లోపే తాగేస్తాడు. పోసేముందు మరిగే నీళ్లు నింపి ఐదు నిమిషాలు ఉంచి పారబోస్తాడు. చల్లని స్టీలు గోడ మొదటే వేడిని లాగేసుకోకుండా.

సెలవులైపోయి బడికి వచ్చాక ఇదంతా పిల్లలకు చెప్పాలనిపించింది. ఏడో తరగతి సామాన్యశాస్త్రంలో ఉష్ణం పాఠం చెప్పేటప్పుడు వహనం, సంవహనం, వికిరణం అని బోర్డు మీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. ఈసారి నా ఫ్లాస్కు ఒకటి, ఒక స్టీలు చెంబు, మా ఇంట్లో దూలానికి వేలాడుతున్న నాన్న సొరబుర్ర తీసుకుపోయాను. మూడింట్లో ఒకేసారి వేడినీళ్లు పోద్దాం, గంట తర్వాత ఏది వేడిగా ఉంటుందో చెప్పండి అన్నాను. పిల్లల్లో సగానికి పైగా బుర్రే గెలుస్తుందన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వాళ్లకు కారణం ఉంది. వాళ్ల తాతలు బుర్ర గురించి గొప్పగా చెప్పి ఉంటారు.

పోసినప్పుడు 90 డిగ్రీలు. గంట తర్వాత థర్మామీటరు పెట్టి చూస్తే చెంబులో 48, బుర్రలో 60, ఫ్లాస్కులో 85. బుర్ర ఓడిపోయిందని పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. అప్పుడు అడిగాను: "చెంబు కన్నా బుర్ర ఎందుకు మేలైంది?" వెనక బెంచీ అమ్మాయి ఒకతి, ఎప్పుడూ నోరు తెరవనిది, లేచి "బుర్ర గోడ కట్టెలెక్క ఉంటది సార్. కట్టె ఒక కొన మండుతున్నా ఇంకో కొన పట్టుకోవచ్చు. ఇనుము పట్టుకోరాదు" అన్నది. వహనానికి అంతకన్నా మంచి నిర్వచనం నేను డైట్‌లో చదివిన పుస్తకాల్లో కూడా చూడలేదు. మూతి సన్నగా ఉండటం వల్ల ఆవిరి తక్కువ పోయిందని ఇంకొకడు చెప్పాడు. ఎండిన సొరకాయ గోడలో కంటికి కనిపించని గాలి గదులుంటాయని, గాలి ఉష్ణాన్ని సరిగా మోయలేదని అప్పుడు నేను చెప్పాను. ఆ గాలి కూడా తీసేస్తే ఫ్లాస్కు. బుర్ర నుంచి ఫ్లాస్కుకు దూరం వాళ్లనుకున్నంత లేదని పిల్లలకు తెలిసింది.

ఉపాధ్యాయ మిత్రులు ఈ ప్రయోగం ఏ బడిలోనైనా చేయవచ్చు. వేడినీళ్లు మాత్రం మీరే పోయాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

చలిలో, ఎండలో, రాత్రి డ్యూటీల్లో బయట పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. కొనేముందు ఎన్ని గంటలు, ఎంత, ఎక్కడ అని మీ అవసరం రాసుకోండి. బయట తిరిగేవాళ్లు స్టీలుదే తీసుకోండి. పెట్టె మీద "ఇన్సులేటెడ్" అని మాత్రమే ఉంటే చాలదు, "వ్యాక్యూమ్" అని ఉందా చూడండి. లోపలి స్టీలు 304 అనో, 18/8 అనో రాసి ఉండాలి. అందులో 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ అని దాని అర్థం. తుప్పు అంత సులువుగా పట్టదు. అయస్కాంతం పెట్టి స్టీలు మంచి చెడ్డలు తేల్చవచ్చని కొందరు చెబుతారు. నమ్మకండి. చవక రకాల్లో కొన్నిటికి కూడా అయస్కాంతం అంటదు. ఐఎస్ఐ గుర్తు చూడండి. ఇటువంటి ఫ్లాస్కులకు అది తప్పనిసరి చేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. వేడినీళ్లు పోసి తడిమి చూడనివ్వని దుకాణంలో కొనకండి. లేదా బిల్లు తీసుకొని ఇంటికి పోయి ఆ రోజే పరీక్షించుకోండి. "24 గంటల వేడి" అంటే ఎంత వేడి అని అడగండి. నిండుగా మరిగే నీళ్లు పోసి, మధ్యలో ఒక్కసారి కూడా మూత తీయకుండా ఉంచితే వచ్చే లెక్క అది. మనం అట్లా తాగం కదా.

కొన్న తర్వాత దాన్ని చూసుకోవడం కూడా ఉంది. మూతలోని వాషర్‌ను రోజూ ఊడదీసి కడగాలి. వాసన వచ్చేది అక్కడి నుంచే. బటన్ నొక్కితే పోసే మూతల్లో పాలు ఇరుక్కుంటాయి, మామూలు మర మూతే మేలు. లోపల మరక పడితే వంటసోడా, వేడినీళ్లు పోసి రాత్రంతా ఉంచితే చాలు. ఇనుప పీచు పెట్టి రుద్దొద్దు. అడుగు నేలకు గట్టిగా తగలనివ్వొద్దు. చాలా రకాల్లో శూన్యం మూసిన అతుకు అక్కడే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు మూత తీసి పెట్టండి. నాన్న బుర్రను కూడా మూతి కిందికి పెట్టి ఆరబెట్టేవాడు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఫ్లాస్కు మంచిదే గానీ, చలిలో పన్నెండు గంటలు నిలబెట్టి, చాయ్ కోసం కదిలితే జీతం కోసే పద్ధతిని అది మార్చదు. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెట్టించవచ్చని 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. తమ్ముడు ఉండే చోట అంతమంది లేరు. గార్డులు ఏజెన్సీ మనుషులు. ఈ సంగతులు మన యువకులు తెలుసుకోవాలి, పదిమంది కలిసి అడగాలి. తమ్ముడు, ఆ మాల్కన్‌గిరి అబ్బాయి కలిసి అడిగితే, ఒకరు గేటు చూసుకుంటుండగా ఇంకొకరు పావుగంట విరామం తీసుకోవడానికి సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. చిన్నదే. కానీ అడిగితే వచ్చింది.

మళ్లీ తాగలేదా అని మీరు అడగవచ్చు. నేను రోజూ అడగను. తమ్ముడు పెద్దవాడు, వాడి మీద కాపలా పెట్టలేను. కానీ ఇప్పుడు రాత్రిపూట ఫోన్ చేస్తే గొంతు తేటగా ఉంటుంది. వెనక నుంచి మూత తిప్పే చప్పుడు, ఇద్దరు మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి.

నిరుడు నాగోబా జాతరకు సెలవు పెట్టి కేస్లాపూర్ వచ్చాడు. మెస్రం వంశస్థులు కాలినడకన పోయి తెచ్చిన గోదావరి జలం చేరింది. మర్రిచెట్ల కింద చుట్టాలందరం చలిలో కూర్చున్నాం. తమ్ముడు సంచిలోంచి ఫ్లాస్కు తీసి, ముందు అమ్మకు ఒక మూత నిండా కషాయం పోసి ఇచ్చాడు. ఒక పక్క సొట్ట పడి ఉంది. అమ్మ దాన్ని తీసుకొని అటూ ఇటూ తిప్పి, గోటితో టకటక కొట్టి విన్నది.

"గట్టిగనే ఉన్నది" అన్నది.